జీతం తగ్గించమని అడగాలి

ఆగస్టు 10, 2025, ఆదివారం (ఇందులోని చట్టాలూ పరిమితులూ ఆ రోజు నాటివి. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి.)

వరలక్ష్మీ వ్రతం నాడు చేతికిచ్చారు కాగితం. ఈ నెల ఒకటో తారీఖు నుంచి నేను మా మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజర్‌ని. అమ్మ అంతా అమ్మవారి దయ అంది. నిన్న రాఖీకి వచ్చిన తమ్ముడు పార్టీ ఎప్పుడక్కా అని ఒకటే గోల. కాగితం మీద గ్రాస్ 22,500 అని బోల్డు అక్షరాల్లో ఉంది. అందరూ ఆ అంకె దగ్గరే ఆగిపోయారు.

ఇవాళ తీరిక దొరికింది. శ్రావణం కాబట్టి చికెన్ పని లేదు, పప్పుచారు పెట్టేసి కూర్చున్నాను. పక్కన జులై పేస్లిప్పు, బాబుగాడి రఫ్ నోట్‌బుక్కు.

ఇప్పటిదాకా నా గ్రాస్ 18,400. నెలకి ఎంత లేదన్నా పదహారు గంటల ఓటీ, అంటే ఓవర్‌టైమ్, పడుతుంది. ఇరవై ఆరు రోజులతో, ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకి 88 రూపాయల చిల్లర, డబుల్ కాబట్టి 177. అంటే ఓటీ 2,831. మొత్తం 21,231. కొత్త కాగితంలో "సూపర్‌వైజరీ కేడర్‌కి ఓవర్‌టైమ్ వర్తించదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంటే నాలుగు వేలు పెరిగిందని తమ్ముడు ఎగిరినదాంట్లో నిజంగా పెరిగింది 1,269.

దానికి పెరిగిన పని చూస్తే నవ్వొస్తుంది. లైన్ క్లియరెన్స్ ఇక నా సంతకంతోనే. బ్యాచ్ మారినప్పుడు కన్వేయర్ కింద, గైడ్ రెయిల్స్ సందుల్లో, చెత్త డబ్బాలో కూడా పాత బ్యాచ్ కార్టన్ గానీ లీఫ్‌లెట్ గానీ ఒక్కటి మిగల్లేదని టార్చ్ వేసి చూడాలి. ఒక బ్యాచ్ మందు ఇంకో బ్యాచ్ డబ్బాలో పడిందంటే ఆడిట్‌లో మొత్తం సెక్షన్ పని అయిపోయినట్టే. ఇదంతా షిఫ్ట్ మొదలయ్యేలోపే కావాలి కాబట్టి రోజూ అరగంట ముందు రావాలి. హ్యాండోవర్ రిజిస్టర్ రాసి వెళ్లేసరికి ఇంకో పావుగంట. లైన్‌లో ఎవరైనా రాకపోతే ఆ స్టూల్ మీద కూర్చునేది కూడా నేనే.

ఇంతలో ఈఎస్ఐ, అదే ఉద్యోగుల ఆరోగ్య బీమా, గుర్తొచ్చింది. 2017 జనవరి నుంచీ దాని జీతం పరిమితి 21,000. అది దాటితే కార్డు పోతుంది. నాది పోతే అమ్మకీ పోతుంది. ఆమె బీపీ, షుగర్ మాత్రలు డిస్పెన్సరీ నుంచే వస్తాయి, పోయిన ఏడాది కంటి ఆపరేషన్ సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో పైసా ఖర్చు లేకుండా అయింది. నా కార్డుకి నేను కట్టేది ముప్పావు శాతం, నెలకి నూట అరవై. ఆ వయసులో, ఆ షుగర్‌తో బయట పాలసీ తీసుకోవాలంటే నాకు పెరిగిన 1,269 ఏ మూలకి? ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక కంట్రిబ్యూషన్ పీరియడ్ కాబట్టి మధ్యలో జీతం దాటినా సెప్టెంబరు 30 దాకా కోత పడుతుంది, దాని మీద వైద్యం ఇంకొన్ని నెలలు నడుస్తుంది. ఆ తర్వాత మన ఖర్మ.

మధ్యాహ్నం బాబాయ్‌కి ఫోన్ చేశాను. రిటైరైనా యూనియన్ ఆఫీసు వదలడు ఆయన.

"సంతకం పెట్టినవా బిడ్డా?"

"ఇంకా లేదు బాబాయ్."

"మంచిపని జేసినవ్. మొత్తం చదువు, ఒక్క లైను ఇడ్వకు."

చదివాను. ఓటీ దగ్గర ఆపి, ఫోన్ పెట్టకుండానే పుస్తకం తీశాడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 64వ సెక్షన్. సూపర్‌వైజర్లని పనిగంటల రూల్స్ నుంచి ప్రభుత్వం మినహాయించవచ్చు, నిజమే. కానీ దాని కిందే ఇంకో వాక్యం ఉందట. మామూలు జీతం పేమెంట్ ఆఫ్ వేజెస్ చట్టంలోని పరిమితి దాటకపోతే అలాంటివాళ్లకి కూడా ఓటీ డబుల్ ఇవ్వాల్సిందే. ఆ పరిమితి 2017 ఆగస్టు నుంచి 24,000. నాది 22,500. "కేడర్ గీడర్ అంటరు, సట్టం జీతం జూస్తది" అన్నాడు. రోజుకి తొమ్మిది గంటలు, వారానికి 48 దాటితే అది ఓటీయే. కొత్త గ్రాస్‌తో లెక్కేస్తే అదే పదహారు గంటలకి 3,461. కంపెనీ ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటున్నది ఇదీ.

బోనస్ కూడా "మేనేజ్‌మెంట్ ఇష్టం" అని రాశారు. బోనస్ చట్టంలో ఉద్యోగి అంటే ఎవరో చెప్పేచోట సూపర్‌వైజరీ పని అనే మాట ఉండనే ఉంది, 21,000 వరకు. పైగా అక్కడ చూసేది బేసిక్, డీఏ (కరువు భత్యం) లనే. నావి రెండూ కలిపినా పద్నాలుగు వేలు లేవు. కనీస బోనస్ 8.33 శాతం ఎవరి ఇష్టమూ కాదు.

బాబాయ్‌కి కోపం తెప్పించింది మాత్రం నాలుగో పేజీ. పాత పోస్టుకి రాజీనామా ఇచ్చి, దీన్ని ఫ్రెష్ అపాయింట్‌మెంట్‌గా తీసుకోవాలట. తొమ్మిదేళ్ల సర్వీసు ఒక్క సంతకంతో చెరిగిపోతుంది. బేసిక్, డీఏ కలిపి ఇప్పుడున్న 12,000 మీద ఏడాదికి పదిహేను రోజుల లెక్కన నా గ్రాట్యుటీ అరవై రెండు వేల చిల్లర. అది ఇస్తామనీ లేదు, కలుపుతామనీ లేదు. కొత్త సర్వీసుకి మళ్లీ ఐదేళ్లు నిండాలి. ఆపైన ఆరు నెలల ప్రొబేషన్, నచ్చకపోతే తీసేస్తారు. పాత పోస్టుకి పంపిస్తాం అన్న మాట ఎక్కడా లేదు. నేను మానేస్తే రెండు నెలల నోటీసు, వాళ్లు తీసేస్తే ఒక నెల.

సెక్షన్‌లో స్టాక్ తక్కువైతే నా జీతంలోంచి పట్టుకుంటారట. మూడు షిఫ్టులు నడిచే చోట! నా అజాగ్రత్త వల్లే పోయిందని తేలాలి, నా సంజాయిషీ వినాలి, అప్పుడే కోత పెట్టొచ్చని జీతాల చట్టంలోనే ఉందన్నాడు బాబాయ్.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. పదివేలు దాటిన సూపర్‌వైజర్ 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద వర్క్‌మన్ కాడు, అంటే ఆ చట్టం కాపాడే కార్మికుల లెక్కలోకి రాడు. 2020లో పార్లమెంటు పాస్ చేసిన కార్మిక కోడ్‌లో ఆ పదివేలని 18,000 చేశారు గానీ ఈ ఆగస్టు నాటికి అది అమల్లోకి రాలేదు. పేరుకి సూపర్‌వైజరైనా రోజంతా చేసేది ఏ పని అన్నదే కోర్టులు చూస్తాయట, అందుకే స్టూల్ మీద కూర్చున్న రోజులన్నీ రాసి పెట్టుకోమన్నాడు. అంత దూరం వెళ్లే ఓపిక నాకు లేదు. రాసి మాత్రం పెట్టుకుంటాను.

సాయంత్రం మళ్లీ లెక్క. ఈఎస్ఐ పరిమితి చూసేటప్పుడు ఓటీ కలపరు. గ్రాస్ సరిగ్గా 21,000 ఉంటే పరిమితి దాటినట్టు కాదు, కార్డు ఉంటుంది. దాని మీద పదహారు గంటల ఓటీ 3,231. మొత్తం 24,231. ఈఎస్ఐకి నూట ఎనభై రెండు పోయినా వాళ్లిస్తామన్న 22,500 కంటే ఎక్కువే.

మా ఆయనకి చూపిస్తే నోట్‌బుక్కు అటూ ఇటూ తిప్పాడు. "జీతం పెంచమని అడిగేవాళ్లని చూశాను గానీ, పదిహేను వందలు తగ్గించమని అడిగేదానివి నువ్వే" అన్నాడు. కాసేపయ్యాక ఆయనే, "ఓటీ ఇస్తామని నోటితో అంటే ఒప్పుకోకు, కాగితం మీద రాయించు" అన్నాడు. డ్రైవర్‌గా మూడు కంపెనీలు మారినవాడు, ఆ మాత్రం తెలుసు.

పక్క సెక్షన్ సూపర్‌వైజర్‌కి ఎంతో అడగాలని ఉంది. ఆయన బీఫార్మసీ, నాది ఇంటర్, అదే చెప్తారు. అయినా రిజిస్టర్‌లో ఇద్దరం పెట్టే సంతకం ఒకటే. ఈ గొడవ తేలాక అది చూద్దాం.

లెటర్ రాసేశాను, తెలుగులోనే. రాజీనామా ఇవ్వను, సర్వీసు కొనసాగుతుందని రాయండి. ప్రొబేషన్‌లో సరిపోనంటే పాత పోస్టుకి పంపండి. నోటీసు ఇద్దరికీ ఒక నెల. స్టాక్ కోత మాట తీసేయండి. గ్రాస్ 21,000 చేసి ఓటీ ఇవ్వండి. నోటీసు దగ్గర కావాలంటే తగ్గుతాను, సర్వీసు దగ్గర తగ్గను.

మంగళవారంలోగా సంతకం కావాలన్నారు. రేపు ఫస్ట్ షిఫ్ట్. హెచ్ఆర్ వాళ్లు తొమ్మిదిన్నరకి గానీ రారు, టీ బ్రేక్‌లో వెళ్లాలి. రెండు కాపీలు తీయించాను. ఒకదాని మీద అందినట్టు తేదీ వేయించుకుని సంతకం పెట్టించుకోమన్నాడు బాబాయ్.