నాన్న అంబాసిడర్‌కి ఇంజిన్ వెతికిన ఆరు నెలలు

నాన్న 1973లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 గుంటూరు ఇంట్లో రేకుల షెడ్డు కింద పన్నెండేళ్ళు కదలకుండా ఉండిపోయింది. ఆయన పోయాక దాని తాళం తిప్పినవాళ్ళు లేరు. ఒక సంక్రాంతికి అమ్మ ఆ షెడ్డు ముందు నిలబడి, "దీన్ని తుక్కుకి మాత్రం వేయకురా. చేతనైతే బాగు చేయించు" అంది. అంతకుముందు నాకు ఆ ఆలోచన లేదని కాదు. అమ్మ అన్నాక ఇక వాయిదా వేయలేకపోయాను.

బండిని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాం. నలభై ఏళ్ళుగా అంబాసిడర్లు విప్పి బిగిస్తున్న మేస్త్రి ఒకాయన ఉన్నారు, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన ప్లగ్గులు ఊడదీసి, నాలుగు సిలిండర్లలో డీజిల్, ఆయిల్ కలిపి పోసి రెండు రోజులు నాననిచ్చారు. మూడో రోజు ముందు పుల్లీ నట్టుకి పానా పెట్టి ఇద్దరం బలం వేసినా తిరగలేదు. ఆ సాయంత్రం ఇంజిన్ పైన మూతలా ఉండే హెడ్ విప్పారు. 2, 3 సిలిండర్ల మధ్య గోడ మీద వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. "గోటితో గీరి చూడు అబ్బాయ్" అన్నారు. గీరాను. గోరు తట్టుకుంది.

"మీ నాన్న రేడియేటర్‌లో బోరు నీళ్ళే పోసేవారు కదూ?"

అవును. మేం అందరం అదే పోసేవాళ్ళం. పైగా ఆ పన్నెండేళ్ళూ బ్లాకులో, అంటే సిలిండర్లుండే ఇనుప దిమ్మలో, నీళ్ళు అలాగే వదిలేశాం. లోపల నీళ్ళు తిరిగే దారుల నిండా తుప్పు ముద్దలు. వాటి కింద, కాగు అడుగున కట్టే ఉప్పులా తెల్లటి పొర. ఆ పొర కడితే ఇనుములోని వేడి చుట్టూ తిరిగే నీళ్ళకి చేరదు. కృష్ణా, గుంటూరు జిల్లాల ఎండల్లో అలా నడిచీ నడిచీ బ్లాకు ఎక్కడో ఒకచోట పగులుతుంది. సిలిండర్ లోపల కొత్త గొట్టం (స్లీవ్) వేసి బతికించవచ్చేమోనని లేత్ షాపులో ప్రెజర్ టెస్ట్ పెట్టించాను. గీత పొడవునా బుడగలొచ్చాయి. బ్లాకు పోయినట్టే అని అప్పుడు ఒప్పుకున్నాను. ఆ రాత్రి బస్సులో ఇంటికెళ్తూ అమ్మకి ఏం చెప్పాలో తోచలేదు.

ఇక వేరే ఇంజిన్ చూడాలి. ఏది?

ఆటోనగర్‌లో ఎక్కువమంది ఇసుజు వేయమన్నారు. 1990ల్లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే అంబాసిడర్‌లో పెట్టిన 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ అది. 75 హార్స్‌పవర్, ఐదు గేర్లు. మా బండిది బ్రిటన్‌లో పుట్టిన బీ సిరీస్ ఇంజిన్, 1489 సీసీ. కొత్తగా ఉన్నప్పుడే 50 హార్స్‌పవర్ చిల్లర. ఇసుజు బండి ఒకటి తీసుకుని ఎనికేపాడు దాకా వెళ్ళొచ్చాను. యాక్సిలరేటర్ తొక్కగానే అందుకుంటోంది, హైవే మీద లారీని దాటాలంటే భయం లేదు. రోజూ నడుపుకోవడానికి అంబాసిడర్ కావాలనేవాళ్ళకి ఇప్పటికీ నేను ఇసుజునే చెబుతాను.

అయినా మా బండికి వద్దనుకున్నాను. ఇసుజు ఎక్కించాలంటే దాని గేర్ బాక్స్ కూడా రావాలి. ఇంజిన్ మౌంటింగులు మార్చి వెల్డింగ్ చేయాలి, గేర్ రాడ్డు కోసం ఫ్లోర్ కోయాలి, వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలత మార్చాలి. అన్నిటికంటే ముందు, స్టీరింగ్ పక్కనున్న హ్యాండ్ గేర్ తీసేయాలి. దాని చివర గుండు ఒకప్పుడు మీగడ రంగులో ఉండేది, ఇప్పుడు పసుపు తిరిగింది. ఒక పక్క మాత్రం అరిగి నున్నగా ఉంటుంది, అది నాన్న బొటనవేలు ఆనే చోటు. చిన్నప్పుడు ముందు సీట్లో ఆయనకీ అమ్మకీ మధ్య కూర్చుంటే, రెండో గేరు వేసిన ప్రతిసారీ ఆయన మోచెయ్యి నాకు తగిలేది. ఫ్లోర్ కోసి దాన్ని తీసేశాక ఆ బండి నాకెందుకు?

కాగితాల లెక్క కూడా ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ బండ్ల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటికే అది వర్తిస్తుంది. 20 వేల రూపాయల ఫీజు కడితే పదేళ్ళకి రిజిస్ట్రేషన్, వీఏ అనే అక్షరాలతో నంబరు. అయితే ఆ నంబరుతో మామూలు అవసరాలకి రోడ్డెక్కకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతులకీ మాత్రమే. అమ్మని తెనాలి తీసుకెళ్ళాలనుకునే నాకు ఇప్పుడు అది పనికిరాదు. కానీ ఫ్లోర్ కోసి ఇసుజు పెట్టేస్తే, రేపు మా పిల్లలు అడుగుదామనుకున్నా దారి ఉండదు.

డీజిల్ సంగతి ఎక్కువ ఆలోచించలేదు. ఇంధనం మారితే రిజిస్ట్రేషన్ కాగితాల్లో అదో పని, పైగా ఆ దడదడ మాకు పడదు.

కాబట్టి అదే 1489 పెట్రోల్ ఇంజిన్. అయితే అది దొరకడమే కష్టం. పెట్రోల్ ధర భరించలేక ఒకప్పుడు చాలామంది అంబాసిడర్లకి డీజిల్ ఇంజిన్లు వేయించేసుకున్నారు. తీసేసిన పెట్రోల్ ఇంజిన్లు ఎప్పుడో కరిగిపోయాయి.

మొదటిది నెలకి దొరికింది. పాత సామాన్ల షాపులో పైకి శుభ్రంగా కడిగి పెట్టారు, ధర కూడా తక్కువే. బాబాయ్ ఏమీ మాట్లాడకుండా జేబులోంచి టార్చి తీసి, ఇంజిన్ నంబరు ఉండాల్సిన చోట వెలుగు పడేలా పట్టుకున్నారు. అక్కడ ఇనుము కొత్త పళ్ళెంలా మెరుస్తోంది. గ్రైండర్ పెట్టి చెరిపేశారు. అమ్మేవాణ్ణి అడిగితే తుప్పు తీయడానికి రుద్దామన్నాడు. అప్పటికే రెండు వేలు అడ్వాన్స్ ఇచ్చి ఉన్నాను, తిరిగివ్వలేదు. పోతే పోయాయి. నంబరు లేని ఇంజిన్ ఎవరి బండిలోంచి వచ్చిందో ఎవరికి తెలుసు? దొంగ సొత్తయితే మన బండి స్టేషన్‌లో ఉంటుంది.

రెండోదానికి నంబరు ఉంది, కాగితం ఉంది. సెల్ఫ్ మోటార్ బిగించి, సిలిండర్‌లో ఒత్తిడి చూపే కంప్రెషన్ గేజ్ పెట్టి చూశాం. మూడు సిలిండర్లలో 120 పౌండ్ల దగ్గర చూపించింది, నాలుగోదానిలో 70. కొంచెం ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే నాలుగోది 75 దగ్గరే ఆగింది. ఆయిల్ పోస్తే పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల దగ్గరో, హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే గాస్కెట్ దగ్గరో లీకు. వాల్వులే అయితే బాగు చేయొచ్చు. కానీ ఆయిల్ మూత విప్పితే లోపల తెల్లటి నురగ. అంటే నీళ్ళు కలుస్తున్నాయి. ఒకసారి పగిలిన బ్లాకుతో పడ్డ టెన్షన్ చాలు, వద్దని వచ్చేశాను.

మూడోది తెనాలి దగ్గర ఒక పల్లెలో రైతు ఇంట్లో ఉంది. మార్క్ 3. ఫ్లోర్ మొత్తం తుప్పు తినేసింది గానీ ఇంజిన్ మాత్రం ఆయన నెలకోసారి స్టార్ట్ చేస్తూ వచ్చారట. బ్యాటరీ తగిలించగానే రెండో సెల్ఫ్‌కి అందుకుంది. నాలుగు సిలిండర్లూ 115కీ 125కీ మధ్యే. వేడెక్కాక కూడా ఆయిల్ ప్రెజర్ నిలిచింది. ఆర్సీ ఆయన దగ్గరే ఉంది, ఇంజిన్ నంబరు దానితో సరిపోయింది. 35 వేలకి ఇంజిన్, గేర్ బాక్స్ కలిపి ఇచ్చారు. రసీదు మీద ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రెండూ రాయించి సంతకం తీసుకున్నాను. ఎవరు పాత ఇంజిన్ కొన్నా ఈ ఒక్కటి మరిచిపోవద్దు.

ఆ తర్వాతంతా లేత్ పని. సిలిండర్ల లోపలి వెడల్పు అప్పటికే ప్లస్ ట్వంటీ, అంటే అసలు కొలత కంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై ఎక్కువ. అరుగుదల చూసి ప్లస్ ఫార్టీకి కోశారు. పిస్టన్లు, బేరింగులు కలకత్తా మల్లిక్ బజార్ నుంచి ట్రాన్స్‌పోర్ట్‌లో తెప్పించాం. హెడ్ విషయంలో బాబాయ్ పట్టుబట్టారు. 2000 ఫిబ్రవరిలో దేశమంతా సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయింది. పాత ఇంజిన్లలో వాల్వులు కూర్చునే చోటు అరగకుండా ఆ సీసమే కాపాడేది. అది లేకపోతే పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వులు మెల్లగా ఇనుములోకి దిగిపోతాయి. అందుకని గట్టి లోహపు సీట్లు వేయించాం. ఇప్పుడొస్తున్న పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. పాతకాలం రబ్బరుకి అది పడదు కాబట్టి పెట్రోల్ పైపులు, పంపులో డయాఫ్రం కూడా దానికి తట్టుకునేవే వేశాం. రేడియేటర్‌లో డిస్టిల్డ్ వాటర్, కూలెంట్. బోరు నీళ్ళ డబ్బా షెడ్డులో కనిపిస్తే అమ్మే తీసి పారేసింది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చిన సంగతి 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. బండిని అమ్మ పేరు మీదకి మార్చడం ముందే అయింది, రెన్యువల్‌తో పాటు దీన్నీ పెట్టాం. నంబరు మీద తెల్లకాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే ఒక్కో అంకె తెల్లగా తేలింది. రైతు ఇచ్చిన రసీదుని ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివి, నంబరుతో పోల్చుకుని సంతకం పెట్టారు.

మంగళగిరి మీదుగా గుంటూరు తీసుకొచ్చిన రోజు అమ్మ గేటు తీసి నిలబడింది. బండి లోపల పెట్టాను. పొద్దున్నే లేచి చూస్తే ఇంజిన్ వెనక కింద నాలుగు చుక్కల ఆయిల్. గుండె ఆగినంత పనయింది, బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆ ఇంజిన్ వెనక రబ్బరు సీలు ఉండదని, ఆయిల్‌ని తిరిగి లోపలికి లాగే మరచుట్టు గాడులే ఉంటాయని, ఆ మాత్రం కారడం మామూలేనని చెప్పారు.

ఫోన్ పెట్టేసి బయటికొచ్చేసరికి, అమ్మ వంగి బండి కింద పాత రేకు పళ్ళెం ఒకటి సర్దుతోంది. నాన్న ఉన్నప్పుడు పెట్టేదేనట. ఇన్నేళ్ళూ అటక మీద దాచింది.