సగం నిండిన నీలం మూత ట్యూబు

నీలం మూత ట్యూబు ఇవాళ మళ్లీ సగమే నిండి వచ్చింది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పీటీ టెస్టుకి పనికిరాదు, వెనక్కి పంపాల్సిందే. లోపల 0.3 మి.లీ. సిట్రేట్ (కాల్షియాన్ని పట్టేసి రక్తం గడ్డకట్టకుండా ఆపేది) ఉంటుంది, రక్తం 2.7 మి.లీ. పడాలి. తగ్గితే మిగిలిపోయిన సిట్రేట్, టెస్టులో మనం కలిపే కాల్షియాన్నీ పట్టేసుకుంటుంది. దాంతో ఐఎన్ఆర్, అంటే పీటీ ఫలితాన్ని చెప్పే అంకె, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అది నమ్మి, రక్తం గడ్డలు కట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు డోసు తగ్గిస్తే ఇంకేముంది!

అసలు ఈ వార్ఫరిన్ దారి తెరిచింది పశువైద్యులే. 1920ల్లో కెనడాలో పశువులకి కొమ్ములు తీసినా, విత్తులు కొట్టినా రక్తం ఆగేది కాదు. ఫ్రాంక్ స్కోఫీల్డ్ మేత మీద అనుమానపడ్డాడు: బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి. ఒకే వామిలోంచి మంచి కాడలు ఒక కుందేలుకి, పాడైనవి ఇంకోదానికి పెట్టాడు. రెండోది రక్తస్రావమై చచ్చిపోయింది.

తర్వాత నార్త్ డకోటాలో లీ రోడరిక్ అనే ఇంకో వెటర్నరీ డాక్టరు, కొట్టం వదిలి ఏకంగా రక్తం గడ్డకట్టే ప్రక్రియలోకే దిగాడు. లోపించింది ప్రోథ్రాంబిన్ (రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్) అని పట్టుకున్నాడు. మేత మార్చి, ఆరోగ్యంగా ఉన్న పశువు రక్తం ఎక్కిస్తే జబ్బువి కోలుకునేవి కూడా.

గడ్డిలోంచి ఆ రక్తస్రావానికి కారణమైన పదార్థం, తర్వాత వార్ఫరిన్‌కి మూలమైన డైకుమరాల్‌ని విడదీసింది విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ అనే బయోకెమిస్టు బృందం. పేరంతా అటే పోయింది. నన్నడిగితే అసలు మలుపు రోడరిక్‌దే.