ఎంఎస్‌లో డైరెక్ట్‌గా చేరాలా, ముందు నాన్ డిగ్రీలో రెండు కోర్సులు చదవాలా?

పోయిన వారం మా పిన్ని కూతురు ఫోన్ చేసి "అక్కా, నేనూ హెచ్-4 మీదే ఉన్నా కదా, నువ్వు ముందు నాన్ డిగ్రీలో చేరావంట, నన్నూ అలాగే చేరమంటావా" అని అడిగింది. హెచ్-4 అంటే అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేసేవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా, నాన్ డిగ్రీ అంటే డిగ్రీలో చేరకుండా యూనివర్సిటీలో విడిగా కోర్సులు చదవడం. గంటసేపు మాట్లాడినా ఇంకా మిగిలిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నాది కాకినాడలో బీటెక్, తర్వాత రెండేళ్ళు ఉద్యోగం, పెళ్ళి, అమెరికా, పాప. పుస్తకం ముట్టుకుని ఏడేళ్ళయింది. ఎంఎస్‌కి అప్లై చేద్దామంటే మూడు రికమెండేషన్ లెటర్లు అడిగారు, ఇన్నేళ్ళ తర్వాత ఏ సార్‌కి ఫోన్ చేసి నేను ఫలానా అని చెప్పుకోవాలి? మా ఇంటి దగ్గర యూనివర్సిటీలో నాన్ డిగ్రీకి మాత్రం మార్కుల ట్రాన్స్‌క్రిప్టులు, అప్లికేషన్ ఫీజు చాలన్నారు. జీఆర్ఈ పరీక్ష లేదు, లెటర్లు లేవు. సరే అని చేరిపోయా.

క్లాసులో తేడా ఏం ఉండదు, అదే ప్రొఫెసరు, అవే పరీక్షలు, అదే గ్రేడు. తేడా రిజిస్ట్రేషన్ దగ్గర తెలిసింది, డిగ్రీ వాళ్ళందరూ అయ్యాకే మాకు ఓపెన్ చేస్తారు, నేను తెరిచేసరికి మెషీన్ లెర్నింగ్‌లో సీట్లు సున్నా. అల్గారిథమ్స్ తీసుకున్నా. పాప పడుకున్నాక పదిన్నరకి వంటింట్లో డైనింగ్ టేబుల్ మీద కూర్చుని ఒక్క ప్రూఫ్ కోసం రెండింటిదాకా కొట్టుకున్న రాత్రులున్నాయి, మొదటి అసైన్‌మెంట్‌లో 100కి 41 వచ్చింది, సెమిస్టర్ చివరికి బీ ప్లస్. ఆ గ్రేడు చూసుకున్నాకే నేను చదవగలనని నాకు నమ్మకం కుదిరింది, ఎంఎస్‌కి అప్లై చేసినప్పుడు ఆ ప్రొఫెసరే లెటర్ కూడా ఇచ్చారు.

కానీ క్రెడిట్ల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. క్రెడిట్లంటే కోర్సులని లెక్కపెట్టే పద్ధతి, ఒక్కో కోర్సుకి మామూలుగా 3. ఎంఎస్ అంటే మామూలుగా 30 క్రెడిట్లు, నాన్ డిగ్రీలో చదివినవాటిలో చాలాచోట్ల 9 లేదా 12 మాత్రమే కలుపుతారు, అదీ గ్రాడ్యుయేట్ లెవెల్ కోర్సు అయ్యి బీ గానీ ఆపైన గానీ వస్తేనే. నా ఫ్రెండ్ ఒకమ్మాయి ఇవేవీ అడక్కుండా 15 క్రెడిట్లు చదివేసింది, తీరా అడ్మిషన్ వచ్చాక 9 మాత్రమే తీసుకున్నారు, మిగతా రెండు కోర్సుల ఫీజు, ఆ నిద్రలేని రాత్రులు అన్నీ పోయినట్టే కదా. అందుకే చేరే ముందే డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కి మెయిల్ పెట్టి ఎన్ని కలుపుతారో రాతలో తెప్పించుకోండి, ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇంకోటి వీసా. హెచ్-4 మీద పార్ట్ టైమ్ అయినా ఫుల్ టైమ్ అయినా చదువుకోవచ్చు, కానీ చదువు వల్ల పని చేసే పర్మిషన్ రాదు. ఓపీటీ, అంటే చదువుని బట్టి కొన్నాళ్ళు పని చేసుకునే పర్మిషన్, కావాలంటే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారి డిగ్రీ ప్రోగ్రామ్‌లో ఫుల్ టైమ్ చదవాల్సిందే, మామూలుగా సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు. నాన్ డిగ్రీలో ఎన్ని కోర్సులు చదివినా ఓపీటీ ఇవ్వరు.

మా చెల్లికి వాళ్ళాయన ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఇంకా అప్రూవ్ అవ్వలేదు, అంటే హెచ్-4 మీద పని చేసుకోనిచ్చే ఈఏడీ కార్డు కూడా ఇప్పట్లో రాదు, తనకేమో వీలైనంత తొందరగా ఉద్యోగం చెయ్యాలనుంది. పైగా బీటెక్ అయ్యి మూడేళ్ళే, సార్లు ఇద్దరు ఇంకా టచ్‌లో ఉన్నారు. నాకు సరిపడింది నీకు సరిపడదే, నువ్వు నేరుగా ఎంఎస్‌కే అప్లై చెయ్యి అని చెప్పా. రాత్రి మెసేజ్ పెట్టింది, మార్కుల మెమోలు బీరువాలో ఏ అరలో ఉన్నాయో వాళ్ళమ్మ వెతుకుతోందంట.