ప్రాక్సిమిటీ సెన్సర్: నల్ల వైరును బోర్డుకు కలిపే ముందు

లోహం దగ్గరికి వస్తే ముట్టుకోకుండానే పట్టేసే ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సర్ మహా మొండిది. నూనె పడినా, దుమ్ము పేరుకున్నా, తడి తగిలినా తన పని తాను చేసుకుపోతుంది. లిమిట్ స్విచ్‌లా లోపల కదిలే ముక్క లేదు, అరిగే కాంటాక్టు లేదు. అయినా "పని చెయ్యట్లేదు" అని పక్కన పడేసే సెన్సర్లు ఎన్నో. వాటిలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. 4 మి.మీ. దూరం అని రాసుంటే అల్యూమినియానికీ అదే లెక్క అనుకోవడం, 6 వోల్టులు కనీసం కావాల్సినదాన్ని 5 వోల్టులతో నడపాలని చూడటం, సిగ్నల్ ఇచ్చే నల్ల వైరు మీద ఎంత వోల్టేజ్ ఉందో కొలవకుండానే ఆర్డునో లాంటి బోర్డు పిన్నుకు కలిపెయ్యడం. మామూలుగా జరిగే పొరపాట్లు ఇవే. మొదటి రెండిటితో సమయం పోతుంది, మూడోదానితో బోర్డే పోవచ్చు.

ఎక్కువమంది చేతికి వచ్చేది ఎల్‌జే12ఏ3-4-జెడ్/బీఎక్స్ రకం. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా ముందు ఇదే కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడి లెక్కలన్నీ దీని మీదే చెబుతాను. ఆ పేరును చదవడం వస్తే సగం పని అయినట్టే. 12 అంటే మరలున్న బాడీ వ్యాసం 12 మి.మీ., 4 అంటే గుర్తించే దూరం 4 మి.మీ., జెడ్ అంటే మూడు వైర్ల డీసీ రకం. చివరి రెండు అక్షరాలు చాలా ముఖ్యం. బీ ఉంటే మామూలుగా ఆఫ్‌లో ఉండి లోహం వస్తే ఆన్ అవుతుంది. ఏ ఉంటే దీనికి తిరగేసి. ఎక్స్ అంటే ఎన్‌పీఎన్ (ఆన్ అయితే అవుట్‌పుట్ వైరును మైనస్‌కు కలుపుతుంది), వై అంటే పీఎన్‌పీ (ప్లస్‌కు కలుపుతుంది). బీఎక్స్ కావాలని వెళ్లి బీవై తెచ్చుకున్నా చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, వైరింగ్ మాత్రం పూర్తిగా వేరు.

లోపల ఏం జరుగుతుందంటే, ప్లాస్టిక్ ముఖం వెనకాల ఒక ఫెర్రైట్ కప్పు, అందులో రాగి తీగ చుట్ట ఉంటాయి. ఆ చుట్ట, ఒక కెపాసిటర్ కలిసి ఆసిలేటర్‌గా పనిచేస్తాయి. ఉయ్యాలను ఆగిపోకుండా ఉంచడానికి ప్రతి ఊపుకీ చిన్నగా తోస్తాం కదా, ఇక్కడ ట్రాన్సిస్టర్ చేసే పని అదే; కాకపోతే సెకనుకు లక్షలసార్లు. ముఖం ముందున్న అయస్కాంత క్షేత్రంలోకి లోహం వస్తే ఆ లోహం పైపొరలో ఎడ్డీ కరెంట్లు (సుడులుగా తిరిగే కరెంట్లు) పుట్టి, ఆసిలేటర్ శక్తిని వేడిగా ఖర్చు చేసేస్తాయి. ఊపు తగ్గుతుంది. ఒక హద్దు కంటే తగ్గగానే ష్మిట్ ట్రిగ్గర్ (హద్దు దాటగానే ఆన్, ఆఫ్ మారే సర్క్యూట్) మారి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌ను ఆన్ చేస్తుంది, వెనక ఎల్ఈడీ వెలుగుతుంది. అంటే ఇది పట్టుకునేది అయస్కాంతాన్ని కాదు, లోహంలో జరిగే నష్టాన్ని.

లోహాన్ని బట్టి దూరం ఎందుకు మారుతుందో దీంతో తేలికగా అర్థమవుతుంది. అల్యూమినియం, రాగి మంచి వాహకాలు. కరెంటు వాటిలో సులువుగా తిరుగుతుంది కాబట్టి నష్టం తక్కువ. ఇనుములో ఆ కరెంటు చాలా పల్చని పైపొరకే పరిమితమై ఎక్కువ నిరోధాన్ని ఎదుర్కొంటుంది, నష్టం ఎక్కువ. మైల్డ్ స్టీల్‌కు 4 మి.మీ. అయితే స్టెయిన్‌లెస్‌కు దాదాపు 3, ఇత్తడికి 2 లోపు, అల్యూమినియానికి ఒకటిన్నర, రాగికి ఇంకా కాస్త తక్కువ అనుకోండి. రకాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి, వరుస మాత్రం ఇదే. ఒక వింత: వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ను దళసరి అల్యూమినియం దిమ్మ కంటే ఎక్కువ దూరం నుంచి పడుతుంది. ఫాయిల్ పల్చన కాబట్టి నిరోధం పెరిగి నష్టమూ పెరుగుతుంది. టేబుల్ మీద ఓసారి చేసి చూడండి, పైన చెప్పిన సిద్ధాంతమంతా కళ్లముందు కనబడుతుంది.

ఆ 4 మి.మీ. అయినా ఎలా కొలిచిందో తెలియాలి. ఐఈసీ 60947-5-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 1 మి.మీ. మందం ఉన్న చదరపు మైల్డ్ స్టీల్ రేకును ఎదురుగా తెచ్చి కొలుస్తారు. రేకు భుజం సెన్సర్ ముఖం వ్యాసమంత, లేదా రాసిన దూరానికి మూడు రెట్లు, రెండిట్లో ఏది పెద్దదైతే అంత. మన సెన్సర్‌కు రెండూ 12 మి.మీ.యే. అంతకంటే చిన్న వస్తువు అయితే దూరం తగ్గుతుంది. తయారీలో తేడా 10 శాతం, వేడి, వోల్టేజ్ వల్ల ఇంకో 10 శాతం తీసేస్తే కచ్చితంగా నమ్మదగ్గది 81 శాతం, అంటే 3.2 మి.మీ. బిగించేటప్పుడు 2 మి.మీ. దగ్గర పెట్టుకుంటే బెంగ ఉండదు. ఇంకొకటి, ఆన్ అయ్యే దూరం, ఆఫ్ అయ్యే దూరం ఒకటి కావు. దగ్గరికి వస్తూ 4 దగ్గర ఆన్ అయితే, వెనక్కి వెళ్తూ 4.4 దాకా ఆన్‌లోనే ఉండొచ్చు. లోహం అంచు మీద వణుకుతున్నప్పుడు అవుట్‌పుట్ టపటపా మారకుండా కావాలనే పెట్టిన తేడా అది.

వైర్లు

బ్రౌన్ ప్లస్, బ్లూ మైనస్, బ్లాక్ అవుట్‌పుట్. సరఫరా 6 నుంచి 36 వోల్టుల డీసీ. 12 వోల్టుల అడాప్టర్ వాడండి. 5 వోల్టులకు కొన్ని సెన్సర్లు వెలుగుతాయి కానీ దూరం నమ్మకంగా ఉండదు; ఈరోజు పనిచేసింది రేపు చెయ్యకపోవచ్చు.

బోర్డును ఇంకా ముట్టుకోకండి. సెన్సర్‌కు 12 వోల్టులు మాత్రం ఇచ్చి, మల్టీమీటర్ నల్ల ప్రోబ్ బ్లూ వైరు మీద, ఎర్ర ప్రోబ్ బ్లాక్ వైరు మీద పెట్టండి. ఇప్పుడు ఒక 4.7 కిలో ఓమ్ రెసిస్టర్‌ను బ్లాక్‌కూ బ్రౌన్‌కూ మధ్య కలపండి. లోహం లేనప్పుడు 12, స్పానర్ దగ్గరికి తెస్తే ఒక వోల్టు లోపు చూపిస్తే అది ఎన్‌పీఎన్. తర్వాత అదే రెసిస్టర్‌ను బ్లాక్‌కూ బ్లూకూ మధ్యకు మార్చండి. లోహం లేనప్పుడు సున్నా, తెస్తే 11 పైన వస్తే అది పీఎన్‌పీ. ఈ రెండో పరీక్షలో లోహం లేనప్పుడే 4 వోల్టుల దరిదాపుల్లో చూపించి, తెస్తే పడిపోతోందా? అది లోపల 10 కిలో ఓమ్‌ల పుల్‌అప్ (వైరును ప్లస్ వైపు లాగి ఉంచే రెసిస్టర్) ఉన్న ఎన్‌పీఎన్. ఈ చవక రకాల్లో అలాంటివి చాలా వస్తాయి. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది.

"ఎన్‌పీఎన్ అంటే ఓపెన్ కలెక్టర్ కదా, వైరును భూమికి లాగడమే దాని పని, నేరుగా పిన్నుకు కలిపితే ఏమవుతుంది" అంటారు. లోపల పుల్‌అప్ ఉంటే, లోహం లేనంతసేపూ నల్ల వైరు 12 వోల్టుల దగ్గర నిలబడి ఉంటుంది. 5 వోల్టులతో నడిచే ఆర్డునో ఊనో బోర్డుకు కలిపితే పిన్ను లోపలి రక్షణ డయోడ్ గుండా సుమారు 0.65 మిల్లీఆంపియర్లు 5 వోల్టుల లైనులోకి పోతాయి. అంత చిన్న కరెంటు కాబట్టి బోర్డు వెంటనే చావదు, చాలామంది ప్రాజెక్టులు ఇలాగే నడుస్తూ కూడా ఉన్నాయి. నడుస్తోంది కదా అని సరైన పద్ధతి అయిపోదు. ఆ చిప్ ఒప్పుకునేది తన సరఫరా కంటే అర వోల్టు ఎక్కువ వరకే. 3.3 వోల్టులతో నడిచే ఈఎస్‌పీ32 బోర్డుకు ఇలా అస్సలు చెయ్యకూడదు.

ఊనోకు అతి తక్కువ ఖర్చు దారి ఒక్క 1ఎన్4148 డయోడ్. గీత ఉన్న కాలి వైపు సెన్సర్ బ్లాక్ వైరు, రెండో వైపు ఆర్డునో పిన్ను. పిన్నును లోపలి పుల్‌అప్‌తో ఇన్‌పుట్‌గా పెట్టండి. 12 వోల్టులు వెనక్కి రాలేవు, సెన్సర్ ఆన్ అయినప్పుడు మాత్రం పిన్ను కిందికి దిగుతుంది. ఎంత కిందికి? ట్రాన్సిస్టర్ మీద మిగిలే వోల్టేజ్, డయోడ్ మీద 0.6 కలిపి ఒక వోల్టు అటూ ఇటూ. ఊనో 1.5 వోల్టుల వరకూ సున్నాగానే తీసుకుంటుంది కాబట్టి చెల్లుతుంది. ఈఎస్‌పీ32 హద్దు 0.8 దగ్గరే, అక్కడ ఈ పద్ధతి ఒకసారి పని చేసి ఒకసారి చెయ్యదు. ఈ పద్ధతిలో అడాప్టర్ మైనస్‌నూ బోర్డు గ్రౌండ్‌నూ కలపడం మర్చిపోవద్దు. మర్చిపోతే సెన్సర్ వెనక ఎల్ఈడీ చక్కగా వెలుగుతుంటుంది, బోర్డుకు మాత్రం ఏమీ తెలియదు.

నన్నడిగితే ఏ బోర్డుకైనా పీసీ817 ఆప్టోకప్లర్ (రెండు వైపులనూ వైరుతో కాకుండా వెలుతురుతో కలిపే చిప్) పెట్టుకోవడమే మేలు. చుక్క ఉన్న మూల ఒకటో కాలు. 12 వోల్టుల ప్లస్ నుంచి 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ గుండా ఒకటో కాలికి, రెండో కాలు సెన్సర్ బ్లాక్ వైరుకు. అవతలి పక్క మూడో కాలు బోర్డు గ్రౌండ్‌కు, నాలుగో కాలు పిన్నుకు, పిన్ను నుంచి బోర్డు వోల్టేజ్‌కు 4.7 కిలో ఓమ్‌ల పుల్‌అప్. లోపలి ఎల్ఈడీకి నాలుగున్నర మిల్లీఆంపియర్లు అందుతాయి, అది చాలు. 24 వోల్టుల సరఫరా అయితే 2.2 బదులు 4.7 కిలో ఓమ్ వేస్తే కరెంటు దాదాపు అంతే వస్తుంది. రెండు వైపుల గ్రౌండ్లు కలపనక్కర్లేదు. పుల్‌అప్ బయట ఎందుకంటే, బోర్డు లోపలిది 30 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. దానితో ఆప్టో ఆఫ్ అవ్వడం నెమ్మదిస్తుంది, వేగంగా తిరిగేవాటి పల్సులు తప్పిపోతాయి.

పీఎన్‌పీ దొరికితే వోల్టేజ్ తగ్గించే డివైడర్‌గా రెండు రెసిస్టర్లతో పని అయిపోతుంది; రెండూ కలిసే చోటు నుంచి పిన్నుకు. 12 నుంచి 5కు 15 కిలో ఓమ్, 10 కిలో ఓమ్, 3.3కు అయితే 10, 3.3 కిలో ఓమ్. చిన్న రెసిస్టర్ ఎప్పుడూ గ్రౌండ్ వైపు. ఇదే డివైడర్‌ను ఎన్‌పీఎన్‌కు పెట్టి గంటలు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. లోపల పుల్‌అప్ లేని ఎన్‌పీఎన్ ప్లస్ వైపు దేన్నీ లాగదు కాబట్టి పిన్ను ఎప్పుడూ సున్నాలోనే ఉండిపోతుంది.

బోర్డే వద్దు, రిలే ఒక్కటి చాలనుకుంటే 12 వోల్టుల రిలే కాయిల్‌ను బ్రౌన్‌కూ బ్లాక్‌కూ మధ్య కలపండి. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత బ్రౌన్ వైపు. 400 ఓమ్‌ల కాయిల్ 30 మిల్లీఆంపియర్లే లాగుతుంది, ఈ సెన్సర్‌కు అది లెక్కలోది కాదు. డయోడ్ లేకపోతే మాత్రం రిలే ఆఫ్ అయిన ప్రతిసారీ పుట్టే వోల్టేజ్ పోటు సెన్సర్ ట్రాన్సిస్టర్ మీద పడుతుంది.

లేత్ స్పిండిల్ వేగం కొలవడం

ఈ సెన్సర్‌కు నాకు బాగా నచ్చే పని ఇది. స్పిండిల్ వెనక ఒక కాలర్, దాని మీద ఎదురెదురుగా రెండు ఎం6 బోల్టులు. ఒకటే పెడితే బ్యాలెన్స్ తప్పుతుంది. మామూలు ఎం6 హెక్స్ తల ఎత్తు 4 మి.మీ. సెన్సర్‌ను తలకు 2 మి.మీ. దూరంలో బిగిస్తే, తల దాటిపోయాక కాలర్ ఉపరితలం 6 మి.మీ. దూరంలో ఉంటుంది. ఆఫ్ అయ్యే దూరం 4.4 కాబట్టి ప్రతి తలకూ శుభ్రంగా ఆన్, ఆఫ్ అవుతుంది. ఇక్కడే "దూరం ఎక్కువుంటే మంచిదే కదా" అని 18 మి.మీ. బాడీ, 8 మి.మీ. దూరం ఉన్న ఎల్‌జే18ఏ3-8 పెడితే, అది కాలర్‌ను కూడా ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. ఎల్ఈడీ ఆరదు, పల్సు రాదు. బోల్టులకు లాక్‌టైట్ (మరలు వదులవ్వకుండా పట్టే జిగురు) వేసి, పైన గార్డు పెట్టాకే మోటారు వెయ్యండి.

ప్రోగ్రాంలో సెకనుకు ఎన్ని పల్సులో లెక్కపెట్టకండి. రెండు బోల్టులతో 300 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు పదే పల్సులు. ఒక్క పల్సు అటూ ఇటైతే 30 ఆర్‌పీఎం తప్పు. దాని బదులు పల్సుకూ పల్సుకూ మధ్య కాలాన్ని మైక్రోసెకన్లలో కొలవండి. ఊనోలో ఇంటరప్ట్ (సిగ్నల్ మారగానే ప్రోగ్రాంను పిలిచే ఏర్పాటు) ఉన్న 2వ లేదా 3వ పిన్ను వాడి, సిగ్నల్ పైనుంచి కిందికి పడే క్షణంలో సమయం రాసుకోవాలి. బోల్టులు ఎంత జాగ్రత్తగా పెట్టినా సరిగ్గా 180 డిగ్రీలకు కుదరవు, అందుకే పక్క పల్సుతో కాకుండా ఒకటి వదిలి ఒకటితో పోల్చండి. అప్పుడు అదే బోల్టు మళ్లీ వచ్చిన సమయం, అంటే ఒక పూర్తి చుట్టు వస్తుంది; 6 కోట్లను ఆ మైక్రోసెకన్లతో భాగిస్తే ఆర్‌పీఎం. 3000 ఆర్‌పీఎం దాటని యంత్రంలో పల్సుల మధ్య 10 మిల్లీసెకన్లు ఉండాలి, కాబట్టి 3 లోపు వచ్చినదాన్ని నాయిస్ అని పారెయ్యవచ్చు. రెండు సెకన్లు పల్సు రాకపోతే సున్నా చూపించండి, లేదంటే ఆగిన స్పిండిల్ మీద పాత అంకే నిలిచిపోతుంది.

బిగించేటప్పుడు ఒక మాట. ఈ 4 మి.మీ. రకానికి ముఖం పక్కల లోహపు కవచం ఉండదు, క్షేత్రం పక్కలకూ విస్తరిస్తుంది. ఇనుప ప్లేటుకు రంధ్రం వేసి ముఖాన్ని దానితో సమానంగా దించితే ప్లేటునే చూసి ఆన్ అయి కూర్చుంటుంది. ముఖం కనీసం 8 మి.మీ. బయటికి ఉండాలి, చుట్టూ ముఖం వ్యాసానికి మూడు రెట్ల మేర లోహం ఉండకూడదు. ప్లేటులోకి దించక తప్పదంటే 2 మి.మీ. దూరం ఉన్న ఫ్లష్ రకం కొనుక్కోవాలి. లేత్ మీద ఇనుప పొట్టు ముఖానికి అంటుకున్నా తప్పుడు సిగ్నల్ వస్తుంది. నూనె వల్ల ఏమీ కాదు, పొట్టును మాత్రం తుడవాలి.

యంత్రానికి వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) ఉంటే సెన్సర్ కేబుల్‌ను మోటారు కేబుల్ పక్కన ఒకే గొట్టంలో లాగొద్దు. కనీసం ఒక జానెడు దూరం ఉంచి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. అప్పటికీ అంకెలు గెంతుతుంటే బోర్డు దగ్గర పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 10 నానోఫారడ్ కెపాసిటర్ వెయ్యండి. 4.7 కిలో ఓమ్ పుల్‌అప్‌తో దాని ఆలస్యం 50 మైక్రోసెకన్లలోపే, ఈ వేగాలకు తేడా తెలియదు.