క్లాస్ డి యాంప్: తేడా వినిపించేది ఎక్కడ?

క్లాస్ డి యాంప్ (పాట సంకేతాన్ని పెంచి స్పీకర్‌కి పంపే యాంప్లిఫైయర్‌లలో ఒక రకం) గురించి రెండు ఫిర్యాదులు తరచుగా వినిపిస్తాయి. ట్రెబుల్ చెవిలో గుచ్చుకుంటోందని ఒకటి. పై స్వరాల్లో మెరుపు లేదు, మొద్దుగా ఉందని ఇంకొకటి. ఒకే బోర్డు మీద ఇద్దరు ఈ రెండు మాటలూ చెప్పొచ్చు, ఇద్దరిదీ నిజమే కావచ్చు. వాళ్ల స్పీకర్లు వేరు, అంతే.

డి అంటే డిజిటల్ కాదు, సి తర్వాత వచ్చే అక్షరం. పాట సంకేతాన్ని బట్టి పల్సుల వెడల్పు మారుతుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు సెకనుకు కొన్ని లక్షల సార్లు పూర్తిగా తెరుచుకుని, పూర్తిగా మూసుకుంటాయి. మధ్యలో నిలిచి వేడెక్కే పని లేదు కాబట్టే చిన్న హీట్‌సింక్ సరిపోతుంది. ఆ పల్సుల నుంచి మళ్లీ పాటను రాబట్టేది స్పీకర్‌కి ముందున్న ఇండక్టర్, కెపాసిటర్. అసలు కథంతా ఈ ఫిల్టర్ దగ్గరే ఉంది.

చవక బోర్డుల్లో ఎక్కువగా కనిపించే టీపీఏ3116 చిప్‌నే తీసుకుందాం. ఇది ఫీడ్‌బ్యాక్‌ను, అంటే తప్పులు సరిదిద్దుకోడానికి తన అవుట్‌పుట్ నుంచి వెనక్కి తెచ్చుకునే సంకేతాన్ని, ఫిల్టర్‌కి ముందే తీసుకుంటుంది. అంటే ఫిల్టర్ తర్వాత ఏం జరిగినా చిప్‌కి తెలియదు. బోర్డు మీద 22 మైక్రోహెన్రీ ఇండక్టర్, 0.68 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్నాయనుకోండి. 8 ఓమ్‌ల లోడ్‌కి (అంటే స్పీకర్‌కి) 20 కిలోహెర్ట్జ్ దగ్గర తగ్గేది 0.3 డెసిబెల్ మాత్రమే. అదే బోర్డుకి 4 ఓమ్‌లు తగిలిస్తే 10 కిలోహెర్ట్జ్ దగ్గరే 1.3 డెసిబెల్, 20 దగ్గర 4 డెసిబెల్ పడిపోతుంది. మొద్దుతనం అక్కడి నుంచే వస్తుంది. ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) ఇంపెడెన్స్, అంటే ఏసీకి అది చూపే నిరోధం, పై ఫ్రీక్వెన్సీల్లో 16 ఓమ్‌లకు పెరిగే స్పీకరైతే 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటిన్నర డెసిబెల్ పెరుగుతుంది. స్పీకర్ మీద రాసిన 8 ఓమ్‌లు పేరుకే. ట్వీటర్ వైపు ఆ అంకె ఎంత ఉందో దాని ఇంపెడెన్స్ గ్రాఫ్‌లోనే తెలుస్తుంది.

22 బదులు 10 మైక్రోహెన్రీ వేస్తే ఈ తేడా బాగా తగ్గుతుంది: 20 కిలోహెర్ట్జ్ దగ్గర 4 ఓమ్‌లకు మైనస్ 0.8 డెసిబెల్, 16 ఓమ్‌లకు ప్లస్ 0.9. 4 ఓమ్‌ల స్పీకర్లున్నవాళ్లు చేయదగ్గ మొదటి మార్పు ఇదే. ఇండక్టర్ చుట్టను దాని శాచురేషన్ కరెంట్ (ఎంత కరెంట్ దాటితే ఇండక్టెన్స్ పడిపోతుందో ఆ హద్దు) చూసే కొనాలి. 24 వోల్టుల సప్లై, 4 ఓమ్‌ల లోడ్ అంటే శిఖరం దగ్గర 6 ఆంపియర్లు పారతాయి. 3 ఆంపియర్లకే శాచురేట్ అయ్యే చుట్ట వేస్తే పెద్ద బేస్ దెబ్బ పడినప్పుడల్లా ఇండక్టెన్స్ జారిపోయి శబ్దం వికృతమవుతుంది. కెపాసిటర్ ఫిల్మ్ రకం కావాలి. చిన్న సిరామిక్ రకాల్లో చాలావాటి విలువ వోల్టేజీతో పాటు మారిపోతుంది.

అసలైన పరిష్కారం ఫీడ్‌బ్యాక్‌ను ఫిల్టర్ తర్వాత తీసుకోవడం. యాంప్ డిజైనర్ బ్రూనో పుట్‌జేస్ రూపొందించిన యూసీడీ, ఎన్‌కోర్ పద్ధతుల్లో జరిగేది ఇదే. టీపీఏ3255 చిప్‌తోనూ ఇలా కట్టిన బోర్డులు ఉన్నాయి. వీటిలో లోడ్ మారినా ట్రెబుల్ దాదాపు కదలదు. స్పీకర్లు తరచుగా మార్చేవాళ్లు చవక బోర్డును సరిచేస్తూ కూర్చోవడం కంటే దీనికే డబ్బు పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఇక పాట ఆగినప్పుడు ట్వీటర్‌లోంచి వచ్చే బుస. దీనికి ఎక్కువసార్లు కారణం అక్కర్లేనంత గెయిన్ (సంకేతాన్ని యాంప్ ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క). 24 వోల్టుల సప్లైతో బయటికి రాగలిగేది సుమారు 17 వోల్టుల ఆర్‌ఎంఎస్ (శిఖరం కాదు, ఏసీ ప్రభావ విలువ). డాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం) నుంచి 2 వోల్టులు వస్తుంటే ఎనిమిదిన్నర రెట్లు, అంటే దాదాపు 19 డెసిబెల్ చాలు. టీపీఏ3116లో 20, 26, 32, 36 డెసిబెల్ అమరికలు ఉన్నాయి. గెయిన్ పిన్ దగ్గరి రెసిస్టర్లే వాటిని నిర్ణయిస్తాయి. 32లో ఉన్న బోర్డును 20కి దించితే బుస స్పష్టంగా తగ్గుతుంది.

దీనికి తోడు ఇంకో లాభం కూడా ఉంది, చాలామంది దీన్ని గమనించరు. గెయిన్ పెరిగే కొద్దీ ఈ చిప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 60 కిలోఓమ్‌ల నుంచి 30, 15, 9కి పడిపోతుంది. 32 డెసిబెల్ దగ్గర ఇన్‌పుట్ కెపాసిటర్ 0.22 మైక్రోఫారడ్ అయితే 48 హెర్ట్జ్ నుంచే బేస్ జారడం మొదలవుతుంది. "క్లాస్ డిలో బేస్ పల్చన" అన్న తీర్పుకి ముందు ఈ కెపాసిటర్ చూడండి. 20 డెసిబెల్‌లో 1 మైక్రోఫారడ్ పెడితే ఆ హద్దు 3 హెర్ట్జ్ కిందికి వెళ్తుంది.

వాల్యూమ్ పెంచినప్పుడే గరుకుదనం వస్తుంటే అది క్లిప్పింగ్, అంటే సప్లై వోల్టేజీ చాలక సంకేతం శిఖరాలు తెగిపోవడం. 24 వోల్టులతో 8 ఓమ్‌లకు శుభ్రంగా వచ్చేది లెక్క ప్రకారమే 36 వాట్లు, నష్టాలు పోను ఇంకా తక్కువ. డబ్బా మీద రాసే 50 వాట్లు 4 ఓమ్‌ల లోడ్‌కి, 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచినవి.

రెండు యాంప్‌లను పోల్చేటప్పుడు వాల్యూమ్ సరిపోల్చకుండా ఏ తీర్పూ చెప్పకండి. కాస్త ఎక్కువ మోగేదే మెరుగ్గా అనిపిస్తుంది. స్పీకర్ తగిలించి ఉంచి 200 హెర్ట్జ్ టోన్ వేసి, టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూడండి. ఒకదానిలో 2.00 వోల్టులుంటే రెండోదానిలో 1.98, 2.02 మధ్య ఉండాలి, అది 0.1 డెసిబెల్ తేడా. స్విచింగ్ మిగులు (ఫిల్టర్ దాటి వచ్చే పల్సుల శేషం) వల్ల మీటర్ తడబడితే టోన్ ఆపి, ఖాళీగా ఎంత చూపిస్తుందో ముందే చూసుకోండి.

ఈ బోర్డుల్లో స్పీకర్ నెగెటివ్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, అదీ సప్లై వోల్టేజీలో సగం దగ్గర ఊగుతూనే ఉంటుంది. దానికి ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్ తగిలించినా, రెండు ఛానళ్ల నెగెటివ్‌లు కలిపినా అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది. సబ్‌వూఫర్ హై లెవెల్ ఇన్‌పుట్‌కి (స్పీకర్ టెర్మినళ్ల నుంచే సంకేతం తీసుకునేది) వెళ్లే గ్రౌండ్ వైరు కూడా అక్కడ కాదు, యాంప్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కి తగిలించాలి.