రామనగర పట్టుగూళ్ల మార్కెట్లో

బెంగళూరు మెజెస్టిక్ నుంచి రామనగర యాభై కిలోమీటర్లే. కానీ బస్సులో కెంగేరి దాటేసరికే ఓపిక హరించుకుపోతుంది. వేలం అందుకోవాలంటే మైసూరు వైపు వెళ్లే పొద్దుటి రైలే మేలు.

హాలు నిండా గూళ్ల ట్రేలు. సంకరజాతివి లేత పసుపు, ఏడాదికి రెండు తరాలిచ్చే బైవోల్టిన్‌వి తెలుపు. కొనేవాళ్లు గూడు తీసి చెవి దగ్గర ఆడిస్తారు. లోపల ప్యూపా, అంటే గూట్లో నిద్రపోతున్న పురుగు, గలగలమంటే పక్వానికొచ్చినట్టు. చప్పుడు లేదంటే చాలావరకు చంద్రికల (పురుగులు గూళ్లు అల్లుకునే తట్టల) నుంచి తొందరపడి విడిపించారనే. మెత్తటి ప్యూపా దారిలో చితికి, పక్క గూళ్లకూ మరక అంటిస్తుంది. ఇక ధర పలకదు. రాత్రంతా వ్యానులో గూళ్లు తెచ్చిన హిందూపురం రైతుకి ఆ మరకలంటేనే మంట. "ఐదారు దినాలకే పీకితే ఎట్లప్పా? బైవోల్టిన్‌కి ఏడెనిమిది దినాలు ఆగల్ల. సంచిలో కుక్కినా వేడెక్కి పాడైతాయి" అన్నాడు. బాడుగ మాటెత్తితే ఇంకా మండిపడ్డాడు.

మరీ ఆగినా కష్టమే. ఏరిపారేసిన జంటగూళ్ల (రెండు పురుగులు కలిసి అల్లిన గూళ్ల) కుప్పలో ఒక చిలుక, అంటే రెక్కలొచ్చిన పట్టుపురుగు, అప్పుడే బయటికొస్తోంది. నోటి నుంచి ఊరిన ద్రవానికి గూటి కొస తడిసి, జిగురు కరిగి, పోగులు పక్కకు తొలిగాయి. ముందు తల, తర్వాత ముడతలు పడ్డ తడి రెక్కలు. ఆరాక ఒళ్లంతా మీగడ రంగు, రెక్కల మీద లేత గోధుమ చారలు, దువ్వెన పళ్లలాంటి మీసాలు. పొట్ట ఉబ్బుగా ఉంది, ఆడదే. రెక్కలు కొట్టుకుంటుంది గానీ ఎగరలేదు. ఏమీ తినదు. జతకట్టి నాలుగైదు వందల గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లోనే పోతుంది. కన్నం పడ్డ గూటి నుంచి తెగకుండా దారం లాగలేరు, పీచు వడకాల్సిందే. అందుకే పట్టు ఊళ్లో చిలుక కనబడడం ఇంత అరుదు. దాన్ని బతకనిచ్చేది గుడ్లు తయారుచేసే కేంద్రాల్లోనే. గుడ్లు పెట్టాక తల్లి చిలుకను నూరి, మైక్రోస్కోపులో పెబ్రిన్ అనే రోగపు బీజాలున్నాయేమో చూస్తారు. కనిపిస్తే ఆ గుడ్లు కాల్చేస్తారు, ఎందుకంటే ఆ రోగం తల్లి నుంచి పిల్లకూ వస్తుంది.

గుడ్డు పదిరోజులకు పగులుతుంది. పురుగు నెలలోపు నాలుగు జ్వరాలు (పొర విడిచే ముందు కదలకుండా ఉండే దశలు) దాటి, పుట్టినప్పటికంటే పదివేల రెట్లు బరువెక్కుతుంది. జ్వరంలో ఉన్నప్పుడు ఆకు వేయకూడదు, కదిలించకూడదు. చాకీ (చిన్న వయసు) పురుగులకు 27 డిగ్రీలు, లేత ఆకు కావాలి. పెద్దవాటికి 24 డిగ్రీలు, ధారాళంగా గాలి. తేమ నిలిస్తే సున్నపు రోగమనే బూజు తెగులు పట్టుకుంటుంది.

ఈ పట్టుపురుగు జాతి అడవిలో ఎక్కడా లేదు. దీని అడవి బంధువు బాంబిక్స్ మాండరినా చైనా, కొరియా, జపాన్లలో మల్బరీ చెట్ల మీద ఇప్పటికీ ఎగురుతుంది. మన పురుగుకు మాత్రం ఆకు మనిషే తెచ్చి పెట్టాలి. 1980లో కర్ణాటకలోకొచ్చిన ఊజీ అనే పరాన్నజీవి ఈగ, పట్టుపురుగు ఒంటిమీదే గుడ్డు పెడుతుంది. కిటికీలకు నైలాన్ వల లేని షెడ్డుకు గుడ్లు తేవద్దని ఆ రైతు గట్టిగా చెప్పాడు.