బిగ్ బాస్ ఓటు: ఆదివారం మేల్కొంటే లాభం లేదు

బిగ్ బాస్ తెలుగు చూసేటోళ్లు మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు చానమంది. ఓటేసేటోళ్లే తక్కువ. సోమవారం నామినేషన్లు (ఇంట్లకెళ్లి ఎవరిని పంపాలెనో పేర్లు చెప్పుడు) మొదలైతయి, శుక్రవారం రాత్రికి ఓటింగ్ బందైతది. శనివారం కంటెస్టెంట్లు నాగార్జున ముందట ఎంత మంచిగ మాట్లాడినా ఆ వారం ఓట్లకు అది అక్కరకు రాదు.

జియోహాట్‌స్టార్ యాప్‌ల లాగిన్ అయి, షో పేజీల ఓటు గుర్తు నొక్కి, మీకు నచ్చిన కంటెస్టెంట్ ఫొటో ఎంచుకోవాలె. ఓటు పడ్డదన్న మెసేజ్ వచ్చేదాక బయటికి రావద్దు. సిగ్నల్ సక్కగ లేకుంటే ఆడనే తిరుగుతుంటది. ఒక రోజు ఓట్ల కోటా వాడకుంటే తెల్లారి జమ కాదు. బతుకమ్మ రోజులల్ల మరిచిపోయేది ఇదే! మిస్డ్ కాల్‌తోటి ఓటేసేటందుకైతే వాట్సాప్‌ల తిరిగే పాత స్క్రీన్‌షాట్ కాదు, ఈ వారం టీవీల చూపిన నంబరే నమ్మాలె.

యూట్యూబ్ పోల్స్ అసలు ఓట్లు కావు. అండ్ల మనోడు ముందున్నడని ధీమాగ కూసుంటే మునిగినట్టే. ఒకే గ్రూపుల ఇద్దరు నామినేషన్లకొస్తే ఓట్లు చీలుతయి; ఎవరు డేంజర్ల ఉన్నరో ముందే మాట్లాడుకోవాలె.

ఫైనల్ల సూట్‌కేస్ లెక్క వేరే: అండ్లున్న పైసలు తీసుకొని ఎవరన్న ఆట నుంచి తప్పుకుంటే, గెలిచినోళ్ల ప్రైజ్ మనీల అంత కోత పడ్తది. 2023ల, 7వ సీజన్ల, ప్రిన్స్ యావర్ 15 లక్షలు తీసుకొని తప్పుకుండు. గెలిచిన పల్లవి ప్రశాంత్‌కు 50 లక్షలల్ల 35 మిగిలినయి.